ఊరికో ట్రాక్టర్ సరే, ఊళ్లన్నిటికీ కలిపి ఒక పద్దు ఏది?

సంపాదకులకు,

2025 డిసెంబరు ఎన్నికలతో తెలంగాణ గ్రామ పంచాయతీలకు మళ్లీ పాలకవర్గాలు వచ్చాయి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావన్న నిబంధన వల్ల ఆ రెండేళ్లలో ఊళ్లు ఎంత నష్టపోయాయో ప్రతి కార్యదర్శికీ, పన్నులు వసూలు చేసే ప్రతి కారోబార్‌కూ తెలుసు. ఇప్పుడు కొత్త సర్పంచులు నిధులు అడుగుతున్నారు, అధికారాలు అడుగుతున్నారు. రెండూ న్యాయమైనవే. అయితే ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఏ పంచాయతీకి ఆ పంచాయతీ విడిగా అడిగితే దక్కేది చాలా తక్కువ. పక్కపక్క పంచాయతీలు, మున్సిపాలిటీలు కలిసి ఒక పనిని భుజాన వేసుకుని, లెక్క చూపించి, ఆ తర్వాత అధికారం అడగాలి. అప్పుడు కాదనడం ఏ ప్రభుత్వానికైనా కష్టం.

2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు కూడా పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. ఎవరి ఊరు వారే ఏలుకోవడం మంచి మార్పే, దాన్ని వెనక్కి తిప్పాలని ఎవరూ కోరరు. 2019లో పల్లె ప్రగతి వచ్చాక ప్రతి పంచాయతీకీ ఒక ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ వచ్చాయి. డంపింగ్ యార్డు, సెగ్రిగేషన్ షెడ్డు, నర్సరీ, వైకుంఠధామం కూడా కట్టారు. దామరచర్ల, అడవిదేవులపల్లి, చందంపేట, దేవరకొండ మండలాల తండాల్లో ఆ ట్రాక్టర్ రోజుకు గంట కూడా తిరగదు. అప్పు వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి, డ్రైవరు జీతం ఇవ్వాలి, డీజిల్ పోయాలి. ఆదాయం లేని ఊరికి ఇది మోయలేని భారం.

చెత్త లెక్కే తీసుకుందాం. పల్లెలో మనిషికి రోజుకు 200 గ్రాముల చెత్త అనుకుంటే 600 మంది ఉన్న తండాలో 120 కిలోలు. అందులో ప్లాస్టిక్ 5 శాతం, అంటే 6 కిలోలు. సగం ఇళ్ల నుంచి విడిగా వచ్చినా 3 కిలోలు, నెలకు 90. బేళ్లు (గట్టిగా నొక్కిన మూటలు) కట్టిన ప్లాస్టిక్‌ను కొనేవాడు లారీ లోడు, అంటే తొమ్మిది పది టన్నులు ఉంటే తప్ప రాడు. తొమ్మిది టన్నులు పోగు కావడానికి ఆ తండాకు ఎనిమిదేళ్లు దాటుతుంది. ఈలోగా షెడ్డులో బస్తాలు ఎలుకలు కొరికి, వానకు తడిసి, ఒకరోజు ఎవరో అగ్గిపెడతారు. పొడి చెత్త వేరు చేయండని ఎంపీవో (మండల పంచాయతీ అధికారి) ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో జనం వినకపోవడానికి కారణం కూడా ఇదే. వేరు చేసినదంతా చివరికి ఒకే కుప్పలో పడి కాలిపోవడం వాళ్లు కళ్లారా చూస్తున్నారు.

పోనీ, పోగైనది ట్రాలీలో వేసి మిర్యాలగూడ తీసుకెళ్తే? కట్టని ప్లాస్టిక్ ట్రాలీ నిండా నింపినా 150 నుంచి 200 కిలోలే పడుతుంది. నలభై కిలోమీటర్లు పోయి రావడానికి 15 లీటర్ల డీజిల్, అంటే 1,400 రూపాయల పైమాట. కలగాపులగంగా ఉన్న ప్లాస్టిక్‌కు కిలో అయిదారు రూపాయలు దొరికినా పన్నెండు వందలు దాటదు. అమ్మడానికి వెళ్తే చేతి డబ్బు పడుతుంది.

అదే చెత్తను నలభై పంచాయతీలు కలిసి చూస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. సగటున 1,500 చొప్పున 60,000 జనాభా. రోజుకు 12 టన్నుల చెత్త, అందులో 600 కిలోల ప్లాస్టిక్. సగం వచ్చినా 300 కిలోలు. నెలకు తొమ్మిది టన్నులు, ఒక లారీ లోడు. స్వచ్ఛ భారత్ గ్రామీణ రెండో దశలో బ్లాక్‌కు (మండలానికి) ఒక ప్లాస్టిక్ యూనిట్ పెట్టుకోవడానికి 16 లక్షల రూపాయల వరకు ఇచ్చే వీలు కల్పించారు. దుమ్ము దులిపే మిషను, ముక్కలు చేసే మిషను, బేళ్లు కట్టే హైడ్రాలిక్ ప్రెస్సు ఆ డబ్బులో వస్తాయి. నడిపే ఖర్చుకు మనిషికి నెలకు రెండు రూపాయలు చొప్పున పంచాయతీలు వేసుకుంటే 1,20,000. నలుగురు పనివాళ్లకు 12,000 చొప్పున 48,000, బండి తిప్పే డ్రైవరుకు 15,000, డీజిల్‌కు 25,000, కరెంటుకు 8,000, బేళ్ల తీగ, చేతి తొడుగులు, రిపేర్లకు 12,000. మొత్తం 1,08,000. మిగిలిన 12,000 మిషను పాతబడే రోజు కోసం పక్కన పెట్టాలి. 600 మంది తండా కట్టేది నెలకు 1,200 రూపాయలు. 2026 మార్చితో ముగిసిన పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 30 శాతం పారిశుద్ధ్యానికే ముడిపెట్టి ఇచ్చారు. అలాంటి ఏర్పాటు ఉంటే ఈ ఖర్చుకు కొత్త పన్ను వేయక్కర్లేదు.

ఏరిన తర్వాత నీళ్ల సీసాలు, పాల కవర్లు మంచి ధరకే పోతాయి. చిప్సు, గుట్కా కవర్లు, చిరిగిన సంచులు ఎవరూ కొనరు. అక్కడే మన ప్రాంతానికి కలిసొచ్చే సంగతి ఒకటుంది. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెర్వు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. చెత్త నుంచి ఇంధనం తయారుచేసే ప్లాంటుకు వంద కిలోమీటర్ల లోపు ఉండి, ఇంధనం కాల్చే పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం అలాంటిది వాడాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఒక సర్పంచి నాలుగు బస్తాలతో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోతే సెక్యూరిటీ వాళ్లే వెనక్కి పంపుతారు. నెలనెలా ఇన్ని టన్నులు, తేమ ఇంతకు మించదు అని రాతపూర్వకంగా హామీ ఇచ్చే ఉమ్మడి సంస్థ పోతే ఒప్పందం దాకా వస్తారు. సరుకు తిరగ్గొట్టడానికి కారణాలు ముఖ్యంగా రెండు. తడి, ఇంకా పీవీసీ. పైపు ముక్కలు, రెగ్జిన్, ఫ్లెక్సీలు కలిస్తే క్లోరిన్ పెరిగి బట్టీకి చేటు చేస్తుంది. అందుకే వాటిని ఏరే చోటనే విడిగా పడేయాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా కప్పు కింద ఆరబెట్టే జాగా కనీసం పది రోజుల సరుకుకు సరిపడా ఉండాలి. షెడ్డు కొలత వేసేటప్పుడు ఇది మరిచిపోతే మొదటి వానాకాలంలోనే యూనిట్ ఆగిపోతుంది.

ఇలాంటి యూనిట్లు మూతపడేది డబ్బు లేక కంటే చిన్న చిన్న చిక్కుల వల్లే. మిషను వస్తుంది, త్రీఫేజ్ లైను రాదు. లైను వచ్చినా మీటరు ఎవరి పేరు మీద అన్నది తేలదు. షెడ్డు ఉన్న పంచాయతీ పేరు మీద పెడితే బిల్లంతా ఆ ఒక్క ఊరి నెత్తిన పడుతుంది. మూడు నెలలు కట్టి నాలుగో నెల ఆపేస్తారు. రెండోది చెక్ పవర్. 2018 చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచి, ఉపసర్పంచి ఇద్దరూ సంతకం పెట్టాలి. వాళ్లకు మాట పడకపోతే సొంత ఊరి వీధిలైట్లకే దిక్కుండదు. నలభై ఊళ్ల పని ఒక ఊరి చెక్కు మీద ఆధారపడితే ఇంకేం నడుస్తుంది? మూడోది, అన్ని ఊళ్ల చెత్తా తమ ఊరికి తెచ్చి పోస్తున్నారని షెడ్డు ఉన్న గ్రామం ఎదురు తిరగడం. ఆ కోపంలో న్యాయముంది.

కాబట్టి ఒప్పందం ముందే రాసుకోవాలి. అన్ని గ్రామసభల్లోనూ ఒకే మాటలతో తీర్మానం చేయాలి. ఒక ఊళ్లో ఒక తీరు, ఇంకో ఊళ్లో ఇంకో తీరు ఉంటే ఆడిట్ అభ్యంతరం అక్కడి నుంచే మొదలవుతుంది. వాటా జనాభా లెక్కన, ఏ తేదీకి జమ చేయాలో స్పష్టంగా ఉండాలి. ఖాతా విడిగా ఉండాలి, సంతకాలు మండల స్థాయి అధికారి ఒకరు, పంచాయతీలు ఏడాదికోసారి ఎన్నుకునే సర్పంచి ఒకరు పెట్టాలి. షెడ్డు ఉన్న ఊరికి వాటా మినహాయించి, అక్కడి పనుల్లో ఆ ఊరివాళ్లకే ముందు అవకాశం ఇచ్చి, బేలు అమ్మిన డబ్బులో కొంత భాగం రాసివ్వాలి. తప్పుకోవాలనుకునే పంచాయతీ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం కాంటా చీటీ. ఏ ఊరి నుంచి ఏ రోజు ఎన్ని కిలోలు వచ్చాయో రాసి, నెలాఖరున ఆ పట్టీ ప్రతి పంచాయతీ గోడకు అంటించాలి. మా ఊరి డబ్బు పక్క ఊరికి పోతోందన్న అనుమానం ఒక్కటి చాలు, కలిసి చేసే ఏ పనైనా చెడటానికి. దానికి కాంటా చీటీని మించిన మందు లేదు.

చెత్తతో మొదలుపెట్టమనడానికి కారణం అది తూచగలిగిన పని, తగాదా తక్కువ. అసలు లక్ష్యం ఊళ్ల ఆదాయం, ఈ ప్రాంతం ఎదుగుదల.

పన్ను సంగతి చూడండి. పారిశ్రామిక పార్కుల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, ఐలా అనే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ. వసూలైన దాంట్లో 65 శాతం అది పార్కు నిర్వహణకు ఉంచుకుని 35 శాతం స్థానిక సంస్థకు ఇస్తుంది. ఆ 35 శాతం కూడా ఫ్యాక్టరీ ఎవరి హద్దులో ఉంటే ఆ పంచాయతీకే. చౌటుప్పల్ పక్కన దండుమల్కాపురమైనా, జడ్చర్ల పక్కన పోలేపల్లి అయినా లారీలు తిరిగే రోడ్డు నాలుగు ఊళ్లది, వాసన అయిదు ఊళ్లది, కూలికి వచ్చినవాళ్లు అద్దెకుండేది పక్క మున్సిపాలిటీలో. పన్ను మాత్రం ఒక్క ఊరికే. అందుకే ప్రతి సర్పంచి ఫ్యాక్టరీ మా హద్దులోకి రావాలని పోటీ పడతాడు, దాని మురుగు మాత్రం పక్క ఊరి వైపు పోవాలని చూస్తాడు. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న ఏడు కౌంటీలకు 1971లో ఒక చట్టం చేశారు. పరిశ్రమలు, వ్యాపారాల పన్ను ఆధారంలో 1971 తర్వాత పెరిగిన దాంట్లో 40 శాతం ఏటా ఉమ్మడి పద్దులో కలిపి స్థానిక సంస్థలన్నిటికీ పంచుతారు. పాత ఆదాయం ఎవరిది వారికే ఉంటుంది, పెరిగినదాంట్లోనే పంపకం. ఎవరి చేతిలోని ముద్దా లాక్కోనక్కర్లేదు కాబట్టే అది నిలబడింది. ఐలా ఇచ్చే 35 శాతాన్ని పెంచమని అడగడంతో పాటు, పెరిగిన భాగాన్ని చుట్టుపక్కల పంచాయతీల ఉమ్మడి పద్దుకు జమ చేయమని అడిగితే ఆ కోరిక వెనుక నాలుగు ఊళ్ల బలం ఉంటుంది.

ఇక బత్తాయి. నల్గొండ జిల్లా పంట ఇది. సీజన్ కాపు ఆగస్టు, సెప్టెంబరుల్లో, కత్తెర కాపు ఎండాకాలం ముందు వస్తుంది. రైతు చాలావరకు తోట మీదే గుత్తకు ఇచ్చేస్తాడు. లేదంటే లోడు హైదరాబాద్ పక్కన బాటసింగారం తీసుకెళ్లి, టన్నుకు ఇంతని తరుగు కోయించుకుని వస్తాడు. సైజు వారీగా వేరుచేసి, కడిగి, మైనం పట్టించి, డబ్బాల్లో పెట్టే పని ఇక్కడే జరిగితే ఆ కూలి ఇక్కడి ఆడవాళ్లకు దక్కుతుంది, ధర బేరం కూడా రైతు చేతిలో ఉంటుంది. గ్రేడింగ్ లైను పెట్టినవాళ్లు ఎందుకు నష్టపోతారో ఆలోచించాలి. ఒక మండలం కాయ మీద ఆ మిషను ఏడాదిలో రెండు మూడు నెలలే తిరుగుతుంది, మిగతా కాలం వడ్డీ మాత్రం తిరుగుతుంటుంది. గుర్రంపోడు, పెద్దవూర, అనుముల, కనగల్ బత్తాయి రెండు కాపులూ కలిసి, మధ్య నెలల్లో నకిరేకల్ వైపు నిమ్మ కూడా వస్తేనే ఆ లైను ఏడాదిలో ఎక్కువ రోజులు తిరుగుతుంది. నిమ్మకు సైజు పట్టీలు మార్చుకోవాలి, అంతే. ఇందులో స్థానిక సంస్థలు వ్యాపారం చేయనక్కర్లేదు. వ్యాపారం రైతు సంఘాలది, మార్కెట్ కమిటీది. లారీ మలుపు తిరిగేంత రోడ్డు, రోజుకు కావలసిన కడుగు నీళ్లు, ఆ నీళ్లు పోయే దారి, త్రీఫేజ్ కరెంటు, కూలీలకు మరుగుదొడ్లు మాత్రం పంచాయతీలు చూడాలి. నాలుగు మండలాల ప్రణాళికల్లో ఈ పనులు ఒకే ఏడాది ఒకే చోటుకు రాసుకోకపోతే షెడ్డు ఒకచోట, రోడ్డు ఇంకోచోట వస్తాయి. అలా వచ్చిన గోదాములు మన కళ్లముందే ఖాళీగా ఉన్నాయి.

మూసీ గురించి క్లుప్తంగా చెప్పాలి. హైదరాబాద్ మురుగు భువనగిరి, నల్గొండ, సూర్యాపేట జిల్లాల గుండా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. బునాదిగాని కాలువ, పిలాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, ఆసిఫ్ నహర్ కింద ఆ నీళ్లతోనే వరి పండుతోంది. 2016లో ఉమ్మడి జిల్లా మూడైంది, 2019లో జిల్లా పరిషత్తులు కూడా మూడయ్యాయి. ఆనాటి నుంచి నది మొత్తం గురించి మాట్లాడే ఎన్నికైన సభ ఒక్కటీ లేదు. నది ఒక గట్టు దామరచర్ల మండలం, రెండో గట్టు పాలకీడు మండలం. ఒకటి నల్గొండ జిల్లా, ఇంకోటి సూర్యాపేట జిల్లా. నీళ్లు పరీక్ష చేయిస్తే విడివిడిగా, అర్జీ పెడితే విడివిడిగా. కనీసం నదిపై ఉన్న ప్రతి కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గర నెలకోసారి ఒకే రోజు నమూనా తీసి, ఒకే ల్యాబుకు పంపి, మూడు జిల్లా పరిషత్తులు కలిసి ఆ ఫలితాలు ప్రకటిస్తే మూసీ మీద ఎక్కడ ఏ చర్చ జరిగినా దిగువ ఊళ్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది.

రాజ్యాంగం ఈ అవసరాన్ని ముందే గుర్తించింది. 243 జెడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలి. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మంది జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల సభ్యులు తమలో నుంచి ఎన్నుకున్నవారై ఉండాలి. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఉమ్మడిగా ఉండే అంశాలు, నీళ్లు, ఇతర సహజ వనరుల పంపకం, మౌలిక వసతులు, పర్యావరణం, ఇవన్నీ ఆ కమిటీ చూడాల్సిన పనులే. మన దగ్గర అది సరిగా నడిచింది లేదు. 2024 జులైలో మండల, జిల్లా పరిషత్తుల గడువు తీరాక దానికి సభ్యులను పంపే ఇల్లే ఖాళీ అయింది. ఈలోగా భూమి వినియోగం, లేఅవుట్ల అధికారం పట్టణాభివృద్ధి సంస్థల చేతికి పోతోంది. వాటి చైర్మన్లను ప్రభుత్వం నియమిస్తుంది, ఓటరు అడిగే వీలు లేదు. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించినప్పుడు, ఆ ప్రణాళికలను ఆమోదించే పనిని జిల్లా ప్రణాళికా కమిటీకే ఇచ్చింది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాలు మన చట్టంలోనూ కనిపిస్తాయి. వాటి వెంట రావాల్సిన డబ్బూ సిబ్బందీ మాత్రం శాఖల దగ్గరే ఉన్నాయి.

ప్రభుత్వం ఇవ్వకపోతే మనం చేసేదేముంది అనేవారికి ఇంగ్లండ్‌లోని గ్రేటర్ మాంచెస్టర్ ఉదాహరణ చెప్పాలి. అక్కడి ఉమ్మడి కౌంటీ కౌన్సిల్‌ను 1986లో లండన్ ప్రభుత్వం రద్దు చేసింది. కింద ఉన్న పది కౌన్సిళ్లు విడిపోయి ఊరుకోలేదు. తామే ఒక సంఘం కట్టుకున్నాయి. విమానాశ్రయాన్ని ఉమ్మడి ఆస్తిగానే నిలుపుకున్నాయి. వేర్వేరు పార్టీల పాలనలో ఉన్నా ఉమ్మడి పనుల మీద కలిసి కూర్చున్నాయి. పాతికేళ్లు అలా నడిచాక 2011 ఏప్రిల్‌లో చట్టబద్ధమైన ఉమ్మడి సంస్థ వచ్చింది. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వంతో అధికారాల ఒప్పందం కుదిరింది. 2017లో ప్రజలు నేరుగా మేయరును ఎన్నుకున్నారు. 2025 జనవరికి ఆ ప్రాంతం బస్సులన్నీ స్థానిక అజమాయిషీలోకి వచ్చాయి. కలిసి పనిచేయడం ముందు, అధికారం తర్వాత. మన సర్పంచుల సంఘాలు బిల్లుల కోసం ధర్నాకు కలిసినంత గట్టిగా పని కోసం కూడా కలవాలి.

ఒక మాట ప్రభుత్వానికి కూడా. పంచాయతీ ఇచ్చిన చెక్కు ఎస్టీవోలో (సబ్ ట్రెజరీలో) నెలల తరబడి ఆగిపోతుంటే ఏ ఉమ్మడి ఖాతా నిలబడదు. వాటా కట్టిన ఊరు, కట్టని ఊరు ఒకటే అయిపోతాయి. ఉమ్మడి పనులకు వాటా జమ చేసే చెక్కులకైనా ఇన్ని రోజుల్లో విడుదల అని గడువు పెట్టాలి. మండలాల హద్దులూ జిల్లాల హద్దులూ దాటి పంచాయతీలు చేసుకునే ఒప్పందాలకు ఒక నమూనా పత్రం పంచాయతీరాజ్ శాఖ విడుదల చేస్తే, ప్రతి డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ఒక్కో తీరుగా అభ్యంతరం చెప్పే బెడద తప్పుతుంది.

2026 ఏప్రిల్ నుంచి 2031 మార్చి దాకా పదహారో ఆర్థిక సంఘం కాలం. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కసరత్తు ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. పంచాయతీ ప్రణాళికల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఎక్కించని పనికి ఆ ఏడాది డబ్బు తీయలేం. అంటే ఉమ్మడి పని ఏదైనా సరే, దాని వాటా ప్రతి ఊరి ప్రణాళికలో విడి పనిగా, ఒకే పేరుతో ఎక్కాలి. అందుకు ఆగస్టులోగా సర్పంచులు, మున్సిపల్ కమిషనర్లు, ఎంపీడీవోలు కూర్చుని పని ఏదో, చోటు ఏదో, వాటా ఎంతో తేల్చుకోవాలి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాల్సిందే కాబట్టి తీర్మానానికి విడిగా సభ పెట్టనక్కర్లేదు. మిర్యాలగూడ, నేరేడుచర్ల, హాలియా మున్సిపాలిటీలు, దామరచర్ల, అడవిదేవులపల్లి, వేములపల్లి, పాలకీడు మండలాలు ఈ పనికి మొదటి జట్టుగా సరిపోతాయి. రెండు జిల్లాలు, పట్టణాలు, తండాలు, సిమెంటు ఫ్యాక్టరీలు, మూసీ అన్నీ ఆ ఆవరణలోనే ఉన్నాయి.

ఇట్లు,
విశ్రాంత పంచాయతీరాజ్ ఉద్యోగులు కొందరు,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా